ఎడమ వైపు ఖాళీ

ఎర్విన్ డ్రోబ్నీ ఆ ఫిల్ము ముక్కను పదిహేడోసారి వెనక్కి తిప్పాడు. చేతిలోని మీట మీద చిన్న చక్రం బొటనవేలి కింద కరకరమంది. తెర మీద నేలకరచి ఉన్న క్వార్టర్‌బ్యాక్, జట్టులో బంతి విసిరేవాడు, లేచి నిలబడ్డాడు. జారిపోయిన బంతి ఎగిరివచ్చి అతని చేతుల్లో పడింది. వెనకనుంచి వచ్చి అతన్ని పడగొట్టినవాడు వెనకడుగులు వేసుకుంటూ పోయి తన గీత దగ్గర మళ్ళీ బుద్ధిమంతుడిలా వంగి నిలుచున్నాడు. ఈ అమెరికన్ ఫుట్‌బాల్ ఫిల్ములకు శబ్దం ఉండదు. ఎముక విరిగినా, డెబ్భై వేలమంది అరిచినా, ఎర్విన్‌కు వినిపించేది ఆ చక్రం చప్పుడొక్కటే.

బుధవారం పొద్దున్న ఏడు కావస్తోంది. బయట సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది గాని, నేలమాళిగలోని ఆ గదికి కిటికీ లేదు. ఒక తెర, బల్ల, కుర్చీ, గోడ పొడవునా అట్టపెట్టెలు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎర్విన్ పని ఇదే. ఆదివారం ఆట అయ్యాక, తమ జట్టు బంతి విసిరిన ప్రతిసారీ కాపలా ఎంతమంది కాశారు, ఎవరు ఎవరిని ఆపారు, ఎవరు ఎటునుంచి చొరబడ్డారు, విసిరేవాడు ఎన్ని సెకన్లు కాళ్ళమీద ఉన్నాడు అన్నవి కాగితం మీద సున్నాలు, బాణాలు గీసి పైకి పంపడం. పైన కూర్చున్న కోచ్ ఆ కాగితాలు చూసుకుని, వచ్చే ఆదివారం ఏ ఎత్తు వెయ్యాలో రాసుకుంటాడు. ఈలోగా ఏడుగురు పెద్ద కోచ్‌లు వచ్చిపోయారు. ఎర్విన్‌ను పొమ్మనాలన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు.

పొడుగ్గా, సన్నగా, తలుపు సందులో దాచిన గొడుగులా ఉండేవాడు. కుడి బొటనవేలు చక్రానికి అలవాటుపడి చివర చదునైపోయింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక్కసారైనా మైదానంలో గడ్డి మీద కాలు పెట్టినవాడు కాదు. ఆటలన్నీ సోమవారమే చూశాడు, వెనకవైపు కెమెరా కంటితో, ఆటగాళ్ళ వీపులనే చూశాడు. దారిలో ఎదురుపడితే వాళ్ళ ముఖాలు పోల్చుకోలేడు. నడక చూస్తే మాత్రం నెంబరుతో సహా చెప్పేస్తాడు.

పెన్సిల్ కొన తెరకు తాకించి మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ప్రతి ముక్కకూ మొదట చేసే పని అది. ముందు వరసలో కాపలావాళ్ళు అయిదుగురు. వాళ్ళ వెనక బంతి విసిరే కుర్రాడు వికర్స్. అతని పక్కన సాయానికి ఒకడు. బంతి అందుకోవడానికి దూరంగా నలుగురు. మొత్తం పదకొండు. జట్టుకు పదకొండు మందే.

ఎర్విన్ లెక్క పన్నెండు దగ్గర ఆగింది.

ఎడమ చివర కాపలా కాసే తుపో వెనక, నాలుగు అడుగుల అవతల, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చొక్కాకు నెంబరు లేదు. చేతులు కిందికి వేలాడుతున్నాయి. అందరూ బంతి కేసి వంగి ఉంటే అతనొక్కడే నిటారుగా నిలబడి ఎడమకు చూస్తున్నాడు. ఎర్విన్ ఒక్క బొమ్మ వెనక్కి తిప్పాడు. పదకొండు. ముందుకు తిప్పాడు. పదకొండు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. సోమవారం నుంచి ఇది ఆరోసారి.

తలుపు తోసుకుని మార్గిట్ వచ్చింది. పైన బట్టల గదిలో ఆటగాళ్ళ చొక్కాలు ఉతికి, వీపు మీద పేర్లు కుట్టే మనిషి. ఎవరినైనా తీసేస్తే ఆ పేరు కుట్లు విప్పేది కూడా ఆవిడే.

"బతికే ఉన్నావా? ఈ గుహలో కూచుని కూచుని గబ్బిలం అయిపోతావు చూడు" అంటూ రై రొట్టె పొట్లం బల్ల మీద పడేసింది. "ఇంకా ఆ కోటేనా? మోచెయ్యి బయటకొచ్చి లోకం చూస్తోంది. విప్పు."

"చలి, మార్గిట్."

"చలేస్తే వణుకు. సాయంత్రానికి అతుకేసి తెస్తా. గోధుమరంగు గుడ్డ లేదు, నల్లది వేస్తే ఏడవకు."

ఎర్విన్ గోధుమరంగు ఉన్ని కోటు విప్పి ఇచ్చాడు. కుడి మోచేతి దగ్గర చిరుగు అరచేయంత ఉంది.

"మార్గిట్, పేరు విప్పేశాక ఆ సూది బెజ్జాలు పూడుకుపోతాయా?"

"నాలుగు ఉతుకులకి పోతాయి. కొన్ని పోవు. వెలుగుకి పట్టి చూస్తే పేరు చదవొచ్చు." ఆవిడ అతని ముఖంలోకి చూసింది. "ఎందుకు? ఎవరి పేరు చదవాలి నీకు?"

అతను చక్రం తిప్పాడు. ఆవిడ కోటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఎవరి పేరో ఎర్విన్‌కు తెలుసు. పందొమ్మిదేళ్ళ కిందట గ్రెగ్ హాలోరన్ అని ఒక క్వార్టర్‌బ్యాక్ ఉండేవాడు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమ వైపు వీపు వెనకది. అటునుంచి వచ్చేవాడు కనపడడు. ఆ ఏడాది ఎడమ వైపు కాపలాలో ఒక లోపం ఉందని ఎర్విన్ ఆటకు నాలుగు రోజుల ముందే కనిపెట్టాడు. కాగితం అంచున చిన్న అక్షరాలతో రాశాడు. అప్పటి కోచ్ ఆ అంచు మీద కాఫీ కప్పు పెట్టుకున్నాడు. ఎర్విన్ పైకెళ్ళి నోరు విప్పలేదు. ఆదివారం హాలోరన్ మెడ విరిగింది.

ఊరొదిలి వెళ్ళిపోయే రోజున హాలోరన్ రెండు చేతికర్రలమీద మెట్లన్నీ దిగి ఈ గదికి వచ్చాడు. "నీకు ముందే కనపడిందట కదా" అన్నాడు, అంతే. కోపంగా కూడా అనలేదు. ఎర్విన్ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. కాసేపటికి కర్రల చప్పుడు మెట్లెక్కి పోయింది. మొన్న వసంతంలో హాలోరన్ పోయాడు. ఎర్విన్ బస్సెక్కి చర్చి దాకా వెళ్ళాడు, కార్లు నిలిపేచోట గంటసేపు నిలబడి, లోపలికి వెళ్ళకుండానే తిరుగు బస్సెక్కాడు.

ఇప్పుడు అదే ఎడమ వైపు. ఎత్తులు వేసే కోచ్ బాలార్డ్‌కు 'హార్బర్' అనే ఎత్తు ప్రాణం. పది గజాలు ముందుకు పోవడానికి జట్టుకు నాలుగే ప్రయత్నాలు; మూడో ప్రయత్నంలో ఇంకా ఏడు గజాలకు మించి పోవాల్సి వస్తే అదే వేస్తాడు. అందులో కాపలావాళ్ళందరూ ఒక అడుగు కుడికి జరుగుతారు, పక్కన సాయం ఉన్నవాడు కూడా బంతి అందుకోవడానికి పరుగెడతాడు. ఎడమ చివర తుపో ఒంటరి. ఒంటరినవుతానని తెలిసి, తుపో తనకు తెలియకుండానే ముందుగా ఎడమ పాదం బెత్తెడు వెనక్కి పెట్టుకుంటున్నాడు. మూడు ఆటల్లో హార్బర్ పద్నాలుగుసార్లు వేశారు, పద్నాలుగుసార్లూ పాదం వెనకే ఉంది. ఎదుటి జట్టు ఆ పాదం చూస్తే చాలు, రాబోయే ఎత్తేమిటో తెలిసిపోతుంది. ఆదివారం వచ్చే జట్టులో పాదాలు చదవగలిగినవాడు ఒకడున్నాడు, తొంభైనాలుగో నెంబరు.

పన్నెండో మనిషి కనిపించిన ఆరుసార్లూ అది హార్బరే.

పన్నెండున్నరకు ఎర్విన్ మెట్లెక్కాడు. రెండుచోట్ల ఆగాడు, ఎడమ భుజంలో ఏదో పట్టేసినట్టుంది. పైగదిలో బాలార్డ్ బల్ల మీద కాళ్ళు బారజాపి సాసేజ్ తింటున్నాడు. చుట్టూ నలుగురు చిన్న కోచ్‌లు. ఎత్తులు రాసిన పెద్ద అట్టకాగితం అతని ఒళ్ళో ఉంది.

"ఓరి నాయనో, ఎవరో చూడండి! నేలమాళిగలోంచి దెయ్యం లేచొచ్చింది" అన్నాడు బాలార్డ్. అందరూ నవ్వారు. "ఏంటి పెద్దాయనా, హీటర్ పాడైందా?"

"కోచ్, హార్బర్ తీసెయ్యండి."

నవ్వు ఆగింది. బాలార్డ్ నములుతూనే ఉన్నాడు. "ఏదీ, మళ్ళీ అను?"

"ఆదివారం హార్బర్ వెయ్యొద్దు. వికర్స్ లేవడు."

"ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడున్నావట, నీ గొంతు వినడం ఇదే మొదలు. నా బంగారు గుడ్ల బాతుని చంపెయ్యమంటానికా వచ్చావు? ఏదైనా ఉంటే కాగితం మీద రాసి పంపు, చూస్తాను."

"హాలోరన్‌కి కాగితం మీదే రాశాను" అన్నాడు ఎర్విన్. "ఎవరూ చదవలేదు. నేనూ పైకి రాలేదు. అందుకే ఈసారి మెట్లెక్కాను. అయిదు నిమిషాలు కిందికి రండి. ఆ కుర్రాడికి ఇరవై మూడేళ్ళు, కోచ్."

బాలార్డ్ చెయ్యి తుడుచుకుని లేచాడు.

గదిలో ఎర్విన్ నోటితో వివరించలేదు. పద్నాలుగు ముక్కలూ వరసగా చూపించి, తుపో పాదం దగ్గర పెన్సిల్ ఆనించాడు. నాలుగోదానికి బాలార్డ్ ముందుకు వంగాడు. తొమ్మిదోదానికి ఒక బూతు మాట అన్నాడు.

"కోచ్, ఇందులో ఎంతమంది ఉన్నారు?" అడిగాడు ఎర్విన్, మెల్లగా.

"మనవాళ్ళా? పదకొండు. ఎందుకు?"

ఆ బొమ్మలో నిటారు మనిషి ఉన్నాడు. ఈసారి తల కొద్దిగా ఇటు తిరిగి ఉంది.

"ఊరికే" అన్నాడు ఎర్విన్.

బాలార్డ్ జేబులోంచి నల్ల పెన్ను తీసి, అట్టకాగితం మీద హార్బర్ ఉన్న ప్రతిచోటా అడ్డంగా కొట్టేశాడు. నాలుగుచోట్ల కొట్టేశాడు, ఐదోదాని దగ్గర కాసేపు ఆగి, దాన్నీ కొట్టేశాడు. "సాయం ఉన్నవాణ్ణి ఎడమకే కట్టిపడేస్తా. మధ్యాహ్నం సాధనలోనే వేసి చూద్దాం." తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు. "ముఖం సున్నం కొట్టినట్టుంది. ఇంటికెళ్ళి పడుకో పెద్దాయనా."

"సాధన ఫిల్ము చూసి వెళ్తాను."

ఫిల్ము నాలుగింటికి కిందికి వచ్చింది. ఎర్విన్ రొట్టె విప్పాడు గాని తినలేదు. చొక్కా చేతులు కిందికి దించుకుని మీట తీసుకున్నాడు. తెర మీద కొత్త ఎత్తు. తుపో వంగాడు. సాయం ఉన్నవాడు రెండడుగులు ఎడమకు వేసి, అక్కడే పాతుకుపోయాడు. బంతి వికర్స్ చేతికి వచ్చింది. ఒకటి, రెండు, మూడు సెకన్లు. వికర్స్ ఇంకా నిలబడే ఉన్నాడు.

పెన్సిల్ కొనతో లెక్కపెట్టాడు. పదకొండు. మళ్ళీ తిప్పాడు. పదకొండు.

మెట్ల మీద చేతికర్రల చప్పుడు లాంటిది వినిపించింది. పైకి కాదు, కిందికి వస్తోంది. ఎర్విన్ ఈసారి తెర మీంచి కళ్ళు తిప్పి తలుపు వైపు చూశాడు.

"రా, గ్రెగ్" అన్నాడు.

నాలుగున్నరకు మార్గిట్ కోటు తెచ్చింది. ఎర్విన్ తలుపు వైపు తల తిప్పుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఎవరినో కూర్చోమన్నట్టు ఎడమ చెయ్యి కొద్దిగా చాచి ఉంది. కుడి బొటనవేలు ఇంకా చక్రం మీదే ఉంది. ఆవిడ రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. మణికట్టు పట్టుకుని చూసింది, నాడి అందలేదు. తర్వాత చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

తెర మీద సాధన ఫిల్ము ఒక బొమ్మ దగ్గర ఆగి ఉంది. మార్గిట్‌కు ఆట తెలియదు. పేర్లు తెలుసు, అన్నీ తన కుట్లే. తుపో, వికర్స్, మిగతావాళ్ళు. ఎడమ వైపు, వాళ్ళందరికీ వెనకగా, గడ్డి మీద ఒక పొడుగాటి ముసలాయన వీపు కనపడుతోంది. గోధుమరంగు కోటు. కుడి మోచేతి దగ్గర చిరుగు అరచేయంత ఉంది.

ఆవిడ తన చంకలోని కోటును తడిమి చూసుకుంది. అతుకు గట్టిగానే ఉంది. దాన్ని కుర్చీ వీపుకు తగిలించి, మనుషుల్ని పిలవడానికి మెట్లెక్కింది.

ఆదివారం పరాయి ఊళ్ళో ఆట. మూడో ప్రయత్నం, తొమ్మిది గజాలు. బాలార్డ్ అట్టకాగితాన్ని నోటికి అడ్డం పెట్టుకుని, హార్బర్ కానిది ఏదో చెప్పాడు. తొంభైనాలుగో నెంబరు, అలవాటుగా వెనక్కి పోయిన తుపో పాదం చూసి దూసుకొచ్చి ఇద్దరి చేతుల్లో చిక్కుకున్నాడు. గెలిచారో ఓడారో మార్గిట్ ఎవరినీ అడగలేదు. సోమవారం చొక్కాల మూట వచ్చినప్పుడు వికర్స్ చొక్కా వెతికి తీసి దీపం కింద తిప్పి చూసింది. వీపు మీద ఒక్క గడ్డి మరక లేదు.

అప్పుడు కిందికి దిగి ఎర్విన్ గది తలుపు తీసింది. బల్ల తుడిచేశారు, పెట్టెలు తీసుకుపోయారు. కుర్చీ వీపుకు కోటు అలాగే వేలాడుతోంది. ఆవిడ గట్టిగా ఇస్త్రీ చేసి వేసిన నల్ల అతుకు మాత్రం రోజంతా బల్లకు ఆనించినట్టు మోచేతి వంపుగా నలిగి ఉంది.