కెమెరాకు చూపించిన నీళ్ళు

ఓటు రహస్యం, ఓటరు బహిరంగం. ఎన్నికల శిక్షణలో భీమశంకరరావు మేస్టారికి అర్థమైంది ఇంతే. కెమెరా ఓటరు మొహం చూడాలి, అట్టల మాటున ఓటేసే చెయ్యి చూడకూడదు. దాన్ని ఆపకూడదు, తిప్పకూడదు, దానికెవరూ అడ్డు రాకూడదు. వస్తే సస్పెన్షన్. పాపం, గాజువాకలో పోలింగ్ బూత్‌గా మారిన ఆ బడిగదిలో పొద్దుటినుంచీ ఆయన కెమెరాకి దండం పెట్టడమొక్కటే తక్కువ.

అసిరమ్మ వేలికి సిరా వేయించుకుని, ఓటేసే వైపు కాక తిన్నగా కెమెరా ముందుకు నడిచింది.

"బాబూ, ఇందులోంచి కలెక్టరుగారు సూత్తన్నారట గదా?"

"చూస్తారు మామ్మా. తప్పుకో, నీకు పుణ్యముంటుంది."

"అయితే నాను సెప్పుకోవాలి," అంటూ ఆమె చేతులు జోడించింది. "అయ్యా, మా కొలాయిలో బురదనీళ్ళొత్తన్నాయి. అయి తాగి మా మనవరాలు మళ్ళీ ఆసుపత్రిలో పడింది."

"దానికి చెవుల్లేవు మామ్మా! బొమ్మే వెళ్తుంది, మాట వెళ్ళదు."

కళ్ళుండి చెవుల్లేని దొరలు అసిరమ్మకు కొత్తేం కాదు. సంచిలోంచి సీసా తీసి కెమెరాకి ఆనించి పట్టుకుంది. నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి.

వరసలో ఉన్నవాళ్ళకి ఈ ఉపాయం తెగ నచ్చింది. అందరిదీ అదే కుళాయి. ఇళ్ళకు పరుగెత్తి సీసాలు, గ్లాసులు తెచ్చారు, ఒకాయన ఏకంగా బిందే మోసుకొచ్చాడు. ఓటింగు ఆగిపోయింది. ఓటర్లని గెంటితే ఒక రూలు, గెంటకపోతే ఇంకో రూలు. మేస్టారికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా మనసులో ఓ మూల, చూడండి బాబూ, ఒక్కసారి చూడండి అనే ఉంది.

కంట్రోల్ రూము నుంచి ఫోనొచ్చింది. "ఏటండీ మేస్టారూ, మీ బూత్‌ది బొమ్మంతా ఎర్రగా, బురదగా వత్తంది?"

ఆయన సస్పెన్షన్ సంగతే మర్చిపోయారు. "కనబడ్డాయా అండీ? నీళ్ళండి! వీళ్ళు తాగే నీళ్ళు. ఇక్కడొక పిల్ల..."

"నీళ్ళేటండీ, అద్దానికి మురికి పట్టింది. ఇప్పుడే మనిషిని పంపుతన్నాం."

నాలుగేళ్ళుగా కుళాయి మొహం చూడని సర్కారు జీపు, టీ చల్లారేలోపు వచ్చేసింది. టెక్నీషియన్ దిగి, మెత్తటి గుడ్డ తీసి, తడపడానికి కాసిని నీళ్ళు అడిగాడు. అసిరమ్మ ఆశగా తన సీసా అందించింది. అతను దాన్ని వెలుతురుకేసి ఎత్తి చూసి, గాభరాగా తిరిగిచ్చేశాడు.

"ఈ నీళ్ళా? వద్దమ్మా, కెమెరా పాడైపోద్ది."