గోడ దాటని నీళ్ళు

పెద్దకోడలు నెత్తిన ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, కాలేజీ గేటు దగ్గర సార్లతో కలిసి టీ తాగుతోందట. ఇది ఇస్త్రీ బండి ఆవిడ కళ్ళారా చూసి చెప్పిన మాట కాదు. ఆమె మరిది చూశాడట. అతను కూడా టీ తాగడం చూశాడే గానీ టోపీ చూడలేదట. టోపీ సంగతి కాలేజీలో గదులు తుడిచే మనిషి చెప్పిందట. మొత్తానికి ఆ మాట సందులన్నీ తిరిగి కూరమళ్ళ దగ్గరికి చేరేసరికి టీకి బిస్కెట్లు కూడా తోడయ్యాయి.

"ఊరికే ఎవరైనా టీ పోయిస్తారా?" అంది ఇస్త్రీ ఆవిడ, బండి పక్కకి ఆపుకుని. "నీ మళ్ళు చూస్తే కడుపు తరుక్కుపోయి చెబుతున్నాను. పైన నీళ్ళు బిగించేసిన వాళ్ళకి కింద ఏడ్చేవాళ్ళు కనబడతారా? నేను చెప్పానని మాత్రం అనకు తల్లీ."

అప్పటికే చిన్నకోడలి చెయ్యి పార కోసం వెతుకుతోంది.

కాలేజీ ప్రహరీ వెనక, గోడకీ రోడ్డుకీ మధ్య, బద్ద చీల్చినట్టు సన్నటి నేల ఒకటి ఉంది. అది ఎవరిదో ఎవరికీ తెలియదు. మామగారు వయసులో ఉన్నప్పుడు అక్కడ ముళ్ళకంప కొట్టి, తోటకూర, పాలకూర వేశాడు. ఎవరిదీ కాని నేలకి ఎవరికీ అక్కర్లేని నీళ్ళు దొరికాయి. హాస్టల్లో పిల్లలు స్నానాలు చేసి, బట్టలు ఉతుక్కుని వదిలిన నీళ్ళన్నీ గోడలోని పైపులోంచి కాలవలో పడేవి. వరి రైతుకి చెరువు ఎలాగో ఆ కుటుంబానికి హాస్టలు అలాగ. పిల్లలకి సెలవులిచ్చారంటే వీళ్ళ గుండెల్లో రాయి పడేది.

మామగారు పోయేముందు మళ్ళు పంచాడు. పైపు దగ్గరివి పెద్దకొడుక్కి, దిగువవి చిన్నకొడుక్కి. ముందు పైవాళ్ళు తడుపుకోవాలి, తర్వాత గట్టు తెంచి కిందికి వదలాలి. పంపకంలో తప్పేమీ లేదు. కానీ నీరు పల్లమెరుగుతుంది, నమ్మకానికి ఆ గుణం లేదు. ఒక ఎండాకాలం గట్టు ఆలస్యంగా తెంచారనీ, కింద మడిలో కొత్తిమీర మాడిపోయిందనీ మాటా మాటా పెరిగింది. అప్పటినుంచి రెండేళ్ళుగా తోడికోడళ్ళకి మాటల్లేవు. తప్పనిసరి అయితే కుక్కకి చెప్పినట్టో, గోడకి చెప్పినట్టో, రెండోవాళ్ళకి వినబడేలా చెప్పుకునేవారు.

ఇప్పుడు కొన్ని రోజులుగా కాలవలో ధార సన్నబడుతూ వచ్చి, నిన్న పొద్దున్నే తెగిపోయింది. ఈ మధ్యాహ్నానికి పాలకూర నేలకి అతుక్కుపోయింది. రేపు కొయ్యాల్సిన కూర అది. నిగనిగలాడుతుంటే కట్ట పదికి పోతుంది. వాడిన కట్టని ఐదుకి బేరమాడి, చివరికి మూడుకి కూడా వద్దని వెళ్ళిపోతారు. పొద్దుగూకే లోపల ఒక్క తడి పడితే లేచి నిలబడుతుంది. లేకపోతే దున్నెయ్యడమే.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను," అన్నాడు మగడు, సైకిలు ట్యూబుకి పంచరు వేసుకుంటూ. అతను మొదట్నుంచీ ఏం చెబుతున్నాడో ఎవరికీ గుర్తులేదు. "మా వదిన నవ్వితే నమ్మకూడదు. నవ్వకపోతే అస్సలు నమ్మకూడదు."

"అయితే వెళ్ళి మీ అన్నని అడగరాదూ?"

"అన్నదమ్ములం. మా మధ్య గొడవలెందుకు? నువ్వే వెళ్ళు."

చిన్నామె పార భుజాన వేసుకుని గట్టు వెంట పైకి నడిచింది. రెండు వాటాల మధ్య మట్టికట్ట గట్టిగా వేసి ఉంది. 'కట్టావూ, కట్టు,' అనుకుని, పళ్ళు బిగించి ఒక్క దెబ్బ వేసింది. కట్ట రెండు ముక్కలైంది. అవతలి నుంచి చుక్క రాలేదు.

తలెత్తి చూస్తే పైమళ్ళు కూడా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తోటకూర తలలు వాల్చేసింది. ఆమెకి జాలి రావలసింది, అనుమానం వచ్చింది. పైపైన ఎండబెట్టి, రాత్రిళ్ళు దొంగతనంగా తడుపుకుంటున్నారేమో. వంగి మడిలో వేలు గుచ్చింది. రెండో కణుపు దాకా పొడి.

గోడ నీడన బావగారు గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"బావగారూ, అక్క ఏదీ?"

"కాలేజీకెళ్ళింది."

"దేనికి?"

"నాకు చెప్పి వెళ్తుందా అమ్మా? నీళ్ళు తగ్గినప్పట్నుంచీ రోజూ వెళ్తోంది. ఎందుకే అంటే, నీ మళ్ళు నువ్వు చూసుకో అంటుంది. చూడ్డానికి మళ్ళల్లో ఏముంది గనక?"

ఆమె గోడ దగ్గరికి వెళ్ళి పైపు చూసింది. పైపు నోటికి ఇనుప మూత బిగించి ఉంది. చుట్టూ బోల్టులు. మూతమీద ఆకుపచ్చ రంగు. ముట్టుకుంటే ఇంకా ఆరని రంగు వేలికి అంటింది. ఇది ఒక్క ఆడమనిషి చేసే పని కాదని ఆమెకీ తెలుసు. 'ఒక్కతే చెయ్యలేదు, ఎవరితోనో కలిసి చేసింది,' అనుకుంది. అనుమానం అలాంటిది. ఒక తలుపు మూస్తే కిటికీలోంచి వస్తుంది.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరు కావాలి?"

"మా అక్క."

"ఏ డిపార్టుమెంటు?"

"పాలకూర డిపార్టుమెంటు."

"ఎగతాళా? ముందు ఆ పార ఇక్కడ పెట్టు. పార పట్టుకుని చదువుకునే చోటికి వస్తారా ఎవరైనా?"

ఇద్దరూ వాదులాడుకుంటుండగా లోపల్నుంచి గుండ్రటి కళ్ళద్దాల పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చింది. చేతినిండా ఆకుపచ్చ టోపీలు. "ఆంటీ, మీరు కూడా కాలవ పక్క మళ్ళవాళ్ళేనా? అయ్యో, మీకోసమే చూస్తున్నాం! ఒక్కరే వచ్చారు, ఇంకెవరూ రారా అని అడుగుతున్నారు మా సారు," అంటూనే ఒక టోపీ తీసి ఆమె నెత్తిన పెట్టేసింది. తీసెయ్యాలని చెయ్యెత్తి, ఎండ మాడ్చేస్తోందని ఊరుకుంది చిన్నామె. అంతలో రోడ్డు అవతల ఇస్త్రీ ఆవిడ మరిది నిలబడి చూస్తున్నాడు. ఈ మాట సందులోకి ఎన్ని బిస్కెట్లతో చేరబోతోందో ఆమెకి అర్థమైపోయింది.

లోపల ఎటు చూసినా గడ్డి. మేకపిల్ల కూడా ముట్టకూడని గడ్డి. మధ్యమధ్య గొట్టాలు గిర్రున తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. తుంపర మొహాన పడగానే ఆమె ఆగిపోయింది. పిల్లలు తలలకి రాసుకునే షాంపూ, బట్టల సబ్బు, చెమట కలిసిన వాసన. కూతురి జడ వాసన తల్లికి తెలిసినట్టు ఆ వాసన ఆమెకి తెలుసు.

"ఇవి ఎక్కడి నీళ్ళమ్మా?"

"హాస్టల్లో వాడేసినవి ఆంటీ. ఇదివరకు వేస్టుగా బయటికి పోయేవి. ఇప్పుడు చుక్క కూడా పోవట్లేదు. నీళ్ళు వడకట్టే గుంట మేమే తవ్వాం, తెలుసా? చూడండి." పిల్ల రెండు అరచేతులూ చాపింది. బొబ్బలు పగిలి, పొక్కులు కట్టి ఉన్నాయి.

దొంగ చేతులు కావు అవి. తిట్టడానికి వచ్చిన మనిషికి అంతకన్నా ఇబ్బంది ఏముంటుంది?

మీటింగు గదిలో చల్లగా ఉంది. ముందువరస కుర్చీలో పెద్దకోడలు కూర్చుని ఉంది, టోపీ ఒళ్ళో పెట్టుకుని. కళ్ళద్దాల పిల్ల చిన్నామెని తీసుకెళ్ళి సరిగ్గా ఆమె పక్కనే కూర్చోబెట్టి, చేతికి టీ ఇచ్చింది. బిస్కెట్లు లేవు.

"ఏమే, నువ్వూ వచ్చావా?" అంది పెద్దామె తల తిప్పకుండా. రెండేళ్ళలో సూటిగా అన్న మొదటి మాట అది.

"నీ టీలో వాటా అడుగుదామని వచ్చాను."

"తాగు మరి. చక్కెర కూడా సరిగ్గా వెయ్యరు."

"ఆ మూత నువ్వే వేయించావా?"

"నీ మళ్ళు ఎండబెట్టడానికి నా మళ్ళు కూడా ఎండబెట్టుకునేంత తెలివి నాకుందంటావా?"

"ఉన్నా ఉండొచ్చు."

"ఉంటే ఈ ఇంటి కోడలిగా ఎందుకొస్తాను?" పెద్దామె గొంతు తగ్గించింది. "రోజూ వచ్చి అడుగుతున్నానే. అడిగిన ప్రతిసారీ కూర్చోబెట్టి టీ ఇస్తారు, టోపీ పెట్టి ఫోటో తీస్తారు. నీళ్ళ మాట ఎత్తితే మాత్రం, పెద్దసారు రావాలి అంటారు. ఇవాళ వచ్చాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేదానివా?"

చిన్నామె ఆలోచించింది. నమ్మేది కాదు. ఆ మాటకొస్తే ఇప్పుడూ పూర్తిగా నమ్మలేదు.

పెద్దసారు లేచాడు. మాట నెమ్మది, మనిషి మర్యాదస్తుడు. గోడమీద బొమ్మలు పడుతుంటే ఒక్కొక్కటీ వివరించాడు. మొదటి బొమ్మ కింద 'ముందు' అని రాసి ఉంది. మురికి కాలవ, బురద, ఓ మూల వంగి కలుపు తీస్తున్న ఒక ఆడమనిషి వీపు. ఆ రవిక మీది అతుకు చూసి చిన్నామె ఉలిక్కిపడింది. ఆ వీపు తనదే. ఎప్పుడు తీశారో, ఎవరినడిగి తీశారో. రెండో బొమ్మ కింద 'తర్వాత' అని ఉంది. అందులో గడ్డి ఉంది. మనుషులు లేరు.

"వచ్చే వారం తనిఖీకి పెద్దవాళ్ళు వస్తున్నారు," అన్నాడు పెద్దసారు. "ఇది కాలేజీ ఒక్కదాని పని కాదు, చుట్టుపక్కలవాళ్ళు కూడా మనతో కలిసి నడుస్తున్నారని వాళ్ళకి కనబడాలి. అందుకే మిమ్మల్ని పిలిచాం."

చిన్నామె టీ కప్పు కింద పెట్టింది. కుర్చీ ఎందుకో, టోపీ ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"మాకో మాట ముందు చెప్పాల్సింది కదా సారూ," అంది పెద్దామె.

"నోటీసు పెట్టాం కదమ్మా. నెల్లాళ్ళు ఉంది."

"ఎక్కడ పెట్టారు?"

"గేటు లోపల, బోర్డు మీద."

వెనక ఎవరో కుర్రాడు నవ్వబోయి దగ్గాడు.

"పైగా అది మంచినీళ్ళు కాదమ్మా," అన్నాడు పెద్దసారు, చిన్నపిల్లలకి చెప్పినట్టు. "సబ్బులు, రసాయనాలు. ఆ నీళ్ళతో పండిన కూర తింటే జబ్బులు రావా? మీ మంచికే చెబుతున్నాను."

అందులో నిజం లేకపోలేదు. కాలవలో నిలబడి నిలబడి ఇద్దరి కాళ్ళూ ఒరిసి, వేళ్ళ సందుల్లో పుళ్ళు పడేవి. కానీ ఈ కాలేజీ మెస్సు వంటవాడు వారంలో సగం రోజులు తమ మళ్ళ కూరే పట్టుకెళ్తాడన్న సంగతి చిన్నామె నాలుక చివరికొచ్చింది. నోరు తెరిచేలోపే తొడమీద పెద్దామె గోళ్ళు దిగాయి.

"ఊరుకో. ఉన్న కొనేవాణ్ణి కూడా పోగొట్టుకుంటావా?"

పెద్దసారు అసలు విషయానికి వచ్చాడు. ఇంత గడ్డికీ, కొత్త మొక్కలకీ నీళ్ళు పెట్టి చూసుకోవడానికి మనిషి కావాలి. కాంట్రాక్టరు నెలకి ఏడువేలు ఇస్తాడు. బయటివాళ్ళని పెట్టుకునే బదులు, ఇద్దరిలో ఒకరికి ఇస్తే కాలేజీకీ మంచిపేరు వస్తుంది. "ఎవరో మీలో మీరే మాట్లాడుకుని చెప్పండి. ఒకరికే వీలవుతుంది. రెండోవారిని కూడా మర్చిపోంలెండి, తనిఖీ రోజున వేదిక మీద కుండీలో మొక్క ఇస్తాం."

ఏడువేలు. ఎండయినా వానయినా ఏడువేలు. చీకటితో లేచి కట్టలు కట్టక్కర్లేదు, బజార్లో మూడుకీ ఐదుకీ నోరు చేసుకోనక్కర్లేదు. చిన్నామె ఓరగా పక్కకి చూసింది. పెద్దామె ఒళ్ళోని టోపీ అంచు మడుస్తోంది, విప్పుతోంది. 'ఇదన్నమాట ఇన్నాళ్ళ టీ,' అనుకుంది చిన్నామె. 'పని ముందే మాట్లాడేసుకుంది. నేను కుండీ పట్టుకుని చప్పట్లు కొట్టడానికి.' అంతే, ఆలోచన తెగిపోయింది. ఆవిడ నోరు తెరిచేలోపు తానే అనెయ్యాలి.

"నేను..." అంటూ సగం లేచింది.

మణికట్టు పట్టుకుని కిందికి లాగింది పెద్దామె. లాగి, తను లేచింది. పట్టు వదల్లేదు. బురదలో పారపట్టి కాయలు కాసిన చెయ్యి. ఆ చెయ్యి తనని ఆపుతోందో, అణుస్తోందో, తోడు పట్టుకుందో చిన్నామెకి అంతుపట్టలేదు.

"చెప్పండి ఆంటీ," అంది కళ్ళద్దాల పిల్ల, ఫోను పైకెత్తి. "ఏదైనా చెప్పొచ్చు. మీ సలహా మాకు చాలా ముఖ్యం."

"ఇంతకీ పని ఎవరికమ్మా?" అన్నాడు పెద్దసారు నవ్వుతూ.

"మాకు పని లేదని మీకెవరు చెప్పారు సారూ?" అంది పెద్దకోడలు. "మా ఇద్దరికీ పని ఉంది. లేనివి నీళ్ళు. ఆ మూత తీయించండి, మా పని మేం చేసుకుంటాం."