పేడు లేవని స్టిక్కు

ధర్మవరంలో నేత నేసే ఓబులేసు, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే కట్టె నాడెకు ఆముదం పూయందే మగ్గం మీద కూర్చోడు. కుర్రతనంలో హాకీ ఆడే రోజుల్లో తన మల్బరీ కట్టె స్టిక్కుకూ అదే సేవ చేసేవాడు. నూనె పట్టించి, ఎండలో పెడితే కట్టె తాగేది, గట్టిపడేది. ఆ అలవాటు కొద్దీ కూతురు వైష్ణవి మ్యాచ్‌కు ముందురోజు ఆమె స్టిక్కుకు ఆముదం దట్టించి, రేకుల కప్పు మీద మధ్యాహ్నమంతా ఎండబెట్టాడు. పెనుకొండలో జరిగే ఆ మ్యాచ్‌లో బాగా ఆడినవాళ్లనే జిల్లా జట్టులోకి తీసుకుంటారు. బిడ్డకు తన వంతు ఏదో చేశానని మురిసిపోయాడు.

మరునాడు మైదానంలో వైష్ణవి స్టిక్కు పట్టుకుని మొహం చిట్లించింది.

"నాయనా, ఏంది ఇది ఇట్ల జారతాండాది?"

"ఆముదం పూసినా పాపా. రేకుల మీద బాగా ఎండబెట్టినా."

కోచ్ పుష్ప మేడం వచ్చి స్టిక్కును వేలితో తడిమి చూసింది.

"ఏమప్పా, అది కట్టె అనుకుంటివా నూనె తాగేదానికి? కార్బన్ దారాలు పొరలు పొరలుగా జిగురుతో అతికించింటారు. రొట్టె కాల్చినట్ల కాల్చినావు కదప్పా!"

"చెడిపోయిందా మేడం?"

"ఏమో. దానికి పైకేం కనపడదు."

ఓబులేసు స్టిక్కును తిప్పి తిప్పి చూశాడు. తన పాత స్టిక్కు విరిగే ముందు పేళ్లు లేచేది. దారం బిగించి చుడితే ఇంకో ఏడాది పనికొచ్చేది. ఇది నల్లగా, నున్నగా, ఏమీ చెప్పకుండా ఉంది.

వైష్ణవి దాన్ని లాక్కుని, బంతిని గోలు పలక ముందు పెట్టింది.

"మ్యాచ్‌లో ఇరిగేదానికన్నా ఇప్పుడే ఇరగనీ."

"వద్దు పాపా! ఉండేది అదొక్కటే!"

మొదటి దెబ్బ బాగా తగిలింది. రెండోదీ అంతే. ఓబులేసు ఊపిరి వదిలాడు. మూడో దెబ్బకు ఎండిన కాయ పగిలినట్టు చప్పుడైంది. పిడి కింద స్టిక్కు రెండు ముక్కలైంది.

జట్టు సంచిలో మిగిలింది ఒక బరువైన కట్టె స్టిక్కు. వైష్ణవి దాంతోనే మ్యాచ్‌లోకి దిగింది. కొట్టిన బంతి సగం దూరం కూడా పోలేదు. పక్కనెవడో "ఏమబ్బా, ఆ పాప రోకలి తెచ్చుకునిందా?" అన్నాడు. ఓబులేసు తలెత్తలేదు. రెండో సగంలో ఆమె దూరపు దెబ్బలు మానుకుంది. దగ్గర దగ్గరగా బంతి అందిస్తూ, ఒక గోలుకు దారి చేసింది. అంతకు మించి ఆ బరువు సాగనివ్వలేదు.

సాయంత్రం పుష్ప మేడం వచ్చి చెప్పింది. "ఎక్స్‌ట్రాల్లో పెట్టినారు. హిందూపురం క్యాంపుకు పోతాది. ఎవరికైనా దెబ్బ తగిలితేనే ఆట."

తిరుగు బస్సులో విరిగిన ముక్కలు ఓబులేసు ఒళ్లో ఉన్నాయి. విరిగిన చోట నల్లటి పొరలు. ఏది నిన్నటి ఎండ దెబ్బో, ఏది పాత ఆటల దెబ్బో వాటిలో గుర్తు పట్టలేకపోయాడు.

"నావల్లే కదా పాపా."

వైష్ణవి కిటికీ వైపు నుంచి తిరిగి, విరిగిన చోట వేలు పెట్టి చూసింది.

"పోయిన నెల గోలు కమ్మీకి గట్టిగా తగిలింది. అప్పుడే లోపల చీలిందేమో. నీవల్ల కాదని చెప్పలేను నాయనా. నీవల్లేనని కూడా చెప్పలేను."

ఇంకేమైనా అంటుందేమోనని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండుననిపించింది.

"రోంత జరుగు, కాళ్లు నొప్పి పుడతాండాయి" అంది ఆమె.

ఓబులేసు ముక్కల్ని సీటు కిందికి తోసి, ఆమె కాళ్లకు ఒడిలో చోటిచ్చాడు.