ఎల్లమ్మ ఐసు పెట్టె

ఐసు దిమ్మను గోనెసంచిలో చుట్టి కనకమహాలక్ష్మి కర్రతో నాలుగు దెబ్బలు వేసింది. ముక్కలు మరీ చిన్నవైతే తొందరగా కరుగుతాయి, అత్త ఊరుకోదు. బెంగుళూరు ప్రయోగశాలలో ఆమె డాక్టర్ కనకమహాలక్ష్మి గారు. సెలవు పెట్టి సొంతూరు గిలకలదిండి వస్తే ఐసు కొట్టే కనకం. ఈ ఉద్యోగానికి రాజీనామా లేదు.

మేనత్త ఎల్లమ్మ ఐసు మీద చందువ చేపలు పేర్చుతోంది. పాత చెక్కపెట్టెలో థర్మోకోల్ పెట్టె, రెంటి మధ్యా దట్టంగా కూరిన ఊక. డెబ్బై దాటినా ఆమె చెయ్యి వణకదు. వేళ్ల నిండా చేపముళ్లు గీరిన పాత మచ్చలు. తల్లి లేని కనకాన్ని ఆ చేతులే పెంచాయి.

తొమ్మిదేళ్లప్పుడు కనకం, ఐసు ఉందో లేదో అని పొద్దుట్నించీ పదిసార్లు ఈ పెట్టె మూత తీసి చూసింది. సాయంత్రానికి చేపలన్నీ మెత్తబడ్డాయి. అత్త కొట్టలేదు.

"నువ్ చూసినప్పుడల్లా కాస్త ఐసు పోద్దే. చూట్టం కూడా ఖర్చే," అంది.

తర్వాత బందరు కాలేజీలో, కొలవబోతే చెదిరిపోయే క్వాంటం స్థితుల గురించి లెక్చరర్ చెబుతుంటే క్లాసంతా తెల్లమొహం వేసింది. కనకానికి మాత్రం అదేం వింతగా అనిపించలేదు. పీహెచ్‌డీ అయ్యాక ఆ స్థితుల్ని చెదరకుండా కాపాడే అతిశీతల యంత్రాల మీదే పనికి కుదిరింది. పేరు మోసిన శాస్త్రవేత్తేమీ కాదు. పరిశోధన పత్రాల మీద పదిమంది పేర్లలో ఆమెదొకటి, అంతే. కానీ ఆ యంత్రం లోపలి పొరలన్నీ తన చేత్తో బిగించినవే.

ఆ పొద్దున బందరు మార్కెట్లో చేపల బేరం మధ్యలో కనకం ఫోన్ మోగింది. ప్రయోగశాల నుంచి పవన్.

"మేడమ్, లోపలి థర్మామీటర్ ఎక్కువ చూపిస్తోందండీ. ఆపేసి తెరిచి చూద్దామా?"

తెరిస్తే యంత్రం మళ్లీ చల్లబడటానికి వారం పడుతుంది. సోమవారం దాన్ని వేరే బృందానికి అప్పగించాలి. నాలుగు నెలల పని గాలికి పోతుంది.

"ఎంతసేపటికోసారి చదువుతున్నావ్?"

"సెకనుకోసారండీ. రీడింగ్ స్పష్టంగా రావాలని దానికి కరెంటు కూడా పెంచాను."

"ఆ కరెంటే దాన్ని వేడి చేస్తోంది. తగ్గించి గంటకోసారి చూడు. తెరవమాకు!"

మేడమ్ నోట ఆ యాస ఎన్నడూ వినని పవన్ గబుక్కున, "సరేనండీ," అన్నాడు.

"ఎవరే?" అంది ఎల్లమ్మ.

"మా ల్యాబ్ అబ్బాయి అత్తా. మూత తీస్తానంటున్నాడు."

"మరి లోపల పాడైతేనో?"

"పేర్చింది నేనే కదా."

ఎల్లమ్మ పళ్లన్నీ కనబడేలా నవ్వింది. పక్కనున్న అమ్మకందారులకు ఆ మాట రెండుసార్లు చెప్పుకుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఎల్లమ్మే, మిగిలిన మూడు చందువల చుట్టూ, ఉన్న ఐసంతా సర్ది మూత వేసింది. మీద గోనెపట్టా కప్పి, "రేపు అమ్ముదాంలే, కాస్త నడుం వాలుస్తా," అని వసారాలో చాప మీద పడుకుంది.

నాలుగింటికి పవన్ మెసేజ్ పెట్టాడు. ఉష్ణోగ్రత దిగింది, ఎక్కడుండాలో అక్కడ నిలబడింది.

కనకం పరుగున వసారాలోకి వచ్చింది. "అత్తా, దిగిందే! నేననలా?"

ఎల్లమ్మ పలకలేదు. నిద్రలోనే వెళ్లిపోయింది. కనకం ఆ చేతులు పట్టుకుని గొంతెత్తి ఏడ్చింది. ఈ కబురు విని మురిసిపోయే మనిషి లోకంలో ఇంకెవరూ లేరు.

మూడో రోజు ఇల్లు కడుగుతూ, చేపలు కుళ్లి ఉంటాయి, పెట్టె బయట పారేద్దామన్నారు ఇరుగుపొరుగు వాళ్లు.

"పేర్చింది మా అత్త," అంది కనకం.

గోనెపట్టా తీసి, ఒక్కసారే మూత ఎత్తింది. మూడు చందువలు తళతళలాడుతున్నాయి. వాటి కింద ఇంకా అరచేయంత ఐసు ఉంది.