కుక్క కుండ

పురుటి తొమ్మిదో రోజు. నులక మంచం మీద పసిదాన్ని పడుకోబెట్టి, కింద కూర్చుని కుక్కను దువ్వుతున్నాను. దువ్వెన నిండా బొచ్చు. చీర మీద, పసిదాని మూతి మీద, నా కారప్పొడి అన్నంలో అదే బొచ్చు.

ఇది హస్కీ, మంచు మీద బండి లాగే జాతి అట. సాగర్ ఆనకట్ట పని మీద వచ్చిన విదేశీ ఇంజనీరు తిరిగి పోతూ, తన దగ్గర గుమాస్తా చేసిన మా ఆయన వెంకటనర్సుకు దీన్ని, దీన్ని సాకే పద్ధతి రాసిన కాగితాన్ని ఇచ్చిపోయాడు. ఇది మొరగదు, నక్కలా ఊళ పెడుతుంది. నల్లగొండ ఎండకు తాళలేక వాకిలంతా గుంతలు తవ్వి పడుకుంటుంది. దీనికి రెండు పొరల బొచ్చు. పైపొర కత్తిరించకూడదు, లోపలిది రోజూ దువ్వి తీయాలి. ముందు ఎప్పుడూ నీళ్లుండాలి. ఆ కాగితమంతా ఆయనకు కంఠతా వచ్చు.

పురుడు మైల కనుక కుండా చెంబూ ముట్టవద్దంది మా అత్త సుగుణమ్మ. కుక్కను దువ్వడానికి మాత్రం మైల అడ్డం రాలేదు. బాలింతకు పచ్చినీళ్లు పడవని పొద్దున గుక్కెడు, సాయంత్రం గుక్కెడు కాచిన నీళ్లు పోస్తుంది. నాలుక పిడచగట్టుకుపోయింది, పాలు ఎండిపోయాయి. నిన్నటిదాకా గుక్కపట్టి ఏడ్చిన పసిది ఇవాళ ఏడవడం కూడా మానేసింది. పొద్దున ఆయన కుక్క కోసం వట్టివేళ్ల తడిక తడుపుతుంటే ఆ సంగతి చెప్పి, నాకూ కడుపు నిండా నీళ్లు కావాలన్నాను. నా కోసం ఏనాడూ బావికి పోని మనిషి, దాని కోసం కుండలు మోస్తున్నాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అది మంచు దేశపుది, ఎండకు ఆగది. నువ్వు గీ ఎండల్నే పుట్టి పెరిగినవు గదా."

ఇతని పక్కనా నేను పడుకున్నది అనుకుంటే ఒళ్లంతా కంపరమెత్తింది.

దువ్వెన పక్కన పెట్టాను. కుక్క ముందు కుండ నిండుగా ఉంది, నీళ్ల మీద బొచ్చు తేలుతోంది. ఈ ఇంట్లో నేను ముట్టినా ఎవరూ ఏమీ అనని కుండ అదొక్కటే. బొచ్చును వేళ్లతో పక్కకు తోసి, రెండు చేతులా ఎత్తి కడుపు నిండా తాగాను.

అత్త వచ్చి చూసి నోరు నొక్కుకుంది. "కుక్క ఎంగిలి నీళ్లు తాగినవా?"

"మీ కొడుకు తెచ్చిన నీళ్లే, అత్తమ్మా."

పసిదాన్ని ఎత్తుకుని తడిక చాటుకు పోయి కూర్చుని రొమ్ము అందించాను. ఎల్లుండితో మైల తీరుతుంది. ఈ ఇంటి కుండలు మాత్రం ఇక నేను ముట్టను.