ఆయన ఉపవాసం, నా వంట

మా ఆయన ఉపవాసం ఉంటే నాకు వంట రెట్టింపవుతుంది. ఈ మాట బయట అంటే విశ్వాసం లేనిదాన్ననుకుంటారు గానీ, ఒక్కసారి మా వంటింట్లోకి తొంగి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. పిల్లలకూ అత్తకూ మామూలు వంట. సాయంత్రం ఐదింటికి ఉపవాసం విడిచే మనిషికి వేరుగా మెత్తటి అన్నం, చారు, ఉడికించిన గుడ్లు, కోసి గింజలు తీసిన పుచ్చకాయ. "ఖాళీ కడుపుకు కారం పడదే" అంటాడు కోటేష్ మంచం దిగకుండానే. ఉపవాసంలో ఉన్నవాళ్ళు బరువు పని చేయకూడదట. అందుకని బర్రెను నీళ్ళకు తోలుకుపోవడమూ, మోటారు వేయడమూ కూడా నా నెత్తినే పడ్డాయి. అది కూడా ఒకటీ రెండూ కాదు, ఇరవై ఒక్క రోజులు.

అసలు ఆ ఉపవాసం నా గురించే. పెళ్ళికి ముందు ఖమ్మంలో నర్సు చదువు చదివాను. అత్త సక్రికి బీపీ చూడాలన్నా, తండాలో ఎవరికైనా జ్వరమొచ్చినా తప్ప ఈ పదమూడేళ్ళలో ఆ చదువు ఎవరికీ గుర్తుకు రాలేదు. ఈ ఎండాకాలం కొత్తగూడెంలో ఒక ఆడపిల్లల హాస్టల్‌కి నర్సు కావాలని తెలిసి, పోయి మాట్లాడి వచ్చాను. వార్డెన్ మేడం రమ్మన్నారు. జూన్ మొదటి సోమవారం చేరాలి. పొద్దున ఏడింటి బస్సుకు పోతే చీకటి పడేలోగా ఇల్లు చేరొచ్చు.

కోటేష్ కోప్పడలేదు. కోప్పడితే నాకే సులువయ్యేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆయన మెత్తగా, పాస్టరు గారిలాగా మాట్లాడాడు. "మన ఇష్టమొచ్చినట్టు జేస్తే ఎట్ల సరళా? దేవుని చిత్తం తెలుసుకోవాలె. ఇరవై ఒక్క రోజులు ఉపవాసముండి అడుగుత. పొమ్మంటే పో, వద్దంటే వద్దు." దేవుణ్ణి మధ్యలోకి తెచ్చాక నోరెట్లా లేస్తుంది? నేనూ నమ్మినదాన్నే. కానీ గిన్నెలు తోముతుంటే మనసు ఊరుకుంటుందా! బండి కొన్నప్పుడు ఈయన దేవుణ్ణి ఒక్క పూటైనా అడగలేదు. బోరు వేయించినప్పుడు అడగలేదు. నేను బస్సెక్కడానికి మాత్రం ఇరవై ఒక్క రోజులు అడగాల్సి వచ్చింది. పైగా జవాబు నాకు కాదు, ఆయనకు వస్తుందట. అత్తతో ఈ మాటంటే, "నేను నలుగురిని కన్న. పురిటి మంచం దిగంగనే పత్తి ఏరవోయిన. నన్నెవలన్న అడిగిండ్రా?" అంది. అది నన్ను తిట్టడమో, తన గోడు చెప్పుకోవడమో నాకు తెలియలేదు.

ఆయన మంచం మీద అడుగుతుంటే నేను అడవిలో అడిగాను. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులవి. తెల్లవారుజామునే తండా ఆడవాళ్ళమంతా అడవికి పోయి, ఎండ ముదరకముందే ఆకు తెచ్చి, యాభై యాభై చొప్పున కట్టలు కట్టాలి. మోకాళ్ళ మీద కూర్చునే తీరిక నాకెక్కడిది? ఆకు తెంపుతూనే, "తండ్రీ, నాక్కూడా ఏదో ఒకటి చెప్పు" అనేదాన్ని. ఎనిమిదో రోజు ఎండ మరీ దారుణంగా ఉంది. నా పక్కనే కోస్తున్న గోరి అనే ఆమె కళ్ళు తేలేసి పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. మిగతావాళ్ళు ఏడుపులు మొదలుపెట్టారు. గోరిని నీడకు లాగి, రవిక వదులు చేసి, సీసాల్లో ఉన్న నీళ్ళన్నీ ఒంటి మీద పోయించి, పైటలతో విసరమన్నాను. ఎప్పుడో చదివిందంతా చేతుల్లోకి వచ్చేసింది. ఆమెకు తెలివి వచ్చాకే గుక్కెడు గుక్కెడు తాగించి, ఆటోలో దవాఖానాకు పంపించాను. నాకు ఏ దర్శనమూ రాలేదు, ఏ స్వరమూ వినపడలేదు. కానీ ఇంటికొచ్చేటప్పుడు నా చేతుల వంక చూసుకుంటే ఏడుపొచ్చింది. నేనడిగిన దానికి జవాబు వచ్చిందనుకున్నాను.

ఇరవై ఒకటో రోజు శనివారం, నేను పనిలో చేరాల్సిన సోమవారానికి రెండు రోజుల ముందు. ఆదివారం మొదలైన ఉపవాసం ఆ సాయంత్రంతో ముగుస్తుంది. మా ఇంటి ముందు పందిరి వేశారు. ప్రార్థన కూడికకు నలభై మంది వస్తారు. వాళ్ళందరికీ కోడికూర, అన్నం, పప్పు చేయాల్సింది నేనే. ఉల్లిపాయలు వేయిస్తుంటే వార్డెన్ మేడం ఫోన్ చేశారు.

"సరళా, మీ ఆయన ఫోన్ జేసి నువ్వు రావన్నడు గదా. నువ్వు మంచిగ మాట్లాడినవని ఇన్ని రోజులు ఆగిన. నీ నోటితోని ఒక మాట జెప్పు. ఇంకో అమ్మాయి అడుగుతున్నది."

"ఎప్పుడు జేసిండు మేడం?"

"నువ్వొచ్చి పోయిన తర్వాత సోమవారమే. మూడు వారాలాయె. సాయంత్రంలోగ జెప్పు మరి."

సోమవారమంటే ఉపవాసం రెండో రోజు. పొయ్యి మీద ఉల్లిపాయలు మాడిపోయాయి. కోపం కంటే ముందు నాకు సిగ్గేసింది. దేవుడు ఏమంటాడోనని ఇన్ని రోజులూ భయపడుతూ ఈయనకు పుచ్చకాయ గింజలు తీసి పెట్టాను. ఎంత పిచ్చిదాన్ని!

సాయంత్రం పాటలయ్యాక కోటేష్ తెల్లచొక్కా సర్దుకుంటూ సాక్ష్యం చెప్పడానికి లేచాడు. "ఇరవై ఒక్క రోజులు దేవుని పాదాల కాడ కనిపెట్టుకొని ఉన్న. ఆయన నాతోని మాట్లాడిండు. సరళ ఇంట్లనే ఉండాలె, ఇదే నా చిత్తం అన్నడు." అందరూ "స్తోత్రం" అన్నారు. లచ్చిరాం పాస్టరు గారు వంటపాక వైపు తిరిగి, "సరళమ్మా, ఇట్ల రా. దేవుని చిత్తానికి ఒప్పుకొని ముగింపు ప్రార్థన నువ్వే చెయ్యమ్మా" అన్నారు. పదమూడేళ్ళలో పొయ్యి దగ్గర నుంచి నన్ను ప్రార్థనకు పిలవడం అదే మొదలు. చేతులు కడుక్కొని, చెంగు తల మీదుగా కప్పుకొని పోయి నిలబడ్డాను. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"ప్రేమగల తండ్రీ, ఇన్ని ఎండలల్ల మమ్ముల కాపాడినందుకు నీకు స్తోత్రం."

"స్తోత్రం, స్తోత్రం" అన్నాడు కోటేష్.

"అడవిల పడిపోయిన గోరిని నా చేతులతోని లేపినవ్. దానికి స్తోత్రం."

"స్తోత్రం తండ్రీ."

"నువ్విచ్చిన చదువును వాడుకొమ్మని నాకు జెప్పినవ్. సోమవారం ఏడింటి బస్సుకు నన్ను హాస్టల్ పనికి పంపుతున్నవ్. ఇంట్ల అందరు నాకు తోడుండేటట్టు చెయ్యుమని యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ."

ఆ చివరి మాట చెవిన పడితే మా వాళ్ళకు నిద్రలో అయినా ఆమేన్ వస్తుంది. పందిరంతా "ఆమేన్" అంది. మందిరంలోనైనా ఇంట్లోనైనా అందరికంటే పెద్ద గొంతు మా ఆయనదే, ఆ రోజూ ఆయనదే. నోట్లోంచి వచ్చేశాక గానీ ఆ మాట దేనికన్నాడో తెలిసినట్టు లేదు. కళ్ళు తెరిచి, "ఏందే? ఏమని ప్రార్థన జేసినవ్? దేవుడు వద్దన్నడని జెప్పలే?" అన్నాడు.

"నువ్వు రెండో రోజే మేడంకు ఫోన్ జేసి నేను రానని జెప్పినవట. మరి మిగిలిన పంతొమ్మిది రోజులు దేవుణ్ణి ఏమడిగినవ్?"

కోటేష్ పాస్టరు గారి వైపు చూశాడు. పాస్టరు గారు తల దించుకున్నారు. అరుగు మీద మంచంలోంచి మా అత్త గొంతు వినిపించింది.

"అడిగినదానికి చెప్పురా."

ఆయన చెప్పేదాకా నేను ఆగలేదు. కొంగున ముడేసుకున్న ఫోన్ తీసి, అందరి ముందే మేడంకు కలిపాను.

"మేడం, సోమవారం వస్తున్న."

"మరి మీ ఆయన ఒప్పుకున్నడా?"

"అందరికంటె గట్టిగ ఆమేన్ అన్నది ఆయనే మేడం."