చూడటానికి మాత్రమే

అయినా పాస్‌వర్డు ఎంత పొడుగ్గా పెట్టినా తెరని దూరానికి చూపించే ఈ పాత ప్రోగ్రాం ఎనిమిది అక్షరాల దాకానే చదువుతుందట, తొమ్మిదోది మొదలు అన్నీ గాలికే, ఆ ముక్కేదో ముందే చెప్పి చావొచ్చు కదా అనుకుంటూ ఆమె కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది, మధ్యాహ్నపు ఎండ కీబోర్డు మీద సగం మేర పడి ఉంది, ఎండ పడ్డ మీటలు వెచ్చగానూ నీడలోవి చల్లగానూ వేళ్ళకి తగులుతున్నాయి, పొద్దున ఆఫీసులో మేనేజరు కళ్ళజోడు తుడుచుకుంటూ, అమ్మా, వచ్చే వారం నుంచి సగం రోజులు ఇక్కడే కూర్చుందురు గాని, ఇంట్లో మీ యూనిక్స్ కంప్యూటరు తెర ఇక్కణ్ణుంచి కనిపించేట్టు పెట్టుకోండి, అలాగని దారినపోయే దానయ్యలందరికీ కనిపించకూడదు, ఊరందరి నీటి గొట్టాల మ్యాపులవి, వెటకారం కాదు, అన్నాడు, ఆయనకి తెలియదు గాని ఆ పని ఆమెకి కొత్తేమీ కాదు, అక్క నేర్పింది, అక్క కాలేజీలో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగం చేస్తుంది, ఏది నేర్పినా ఇల్లూ వాకిలీ సామ్యం తెస్తుంది, చూడవే, దూరం నుంచి తెర చూడ్డమంటే గోడకి కిటికీ కొట్టుకోవడం, ఆ కిటికీ వీధివైపు కొట్టావో నీ ఇల్లు సంతే, లోపలి వసారాలోకి కొట్టుకో, ఆ వసారాలోకి రావాలంటే ఎస్‌ఎస్‌హెచ్ అనే సొరంగం ఒకటి తవ్వుకో, దానికి తాళం పెట్టు, తాళంచెవి నీ మెషీన్లో తప్ప ఎక్కడా ఉండకూడదు, పాస్‌వర్డు అడిగే పద్ధతే తీసిపారెయ్, అడిగితే కదా ఎవడైనా అడ్డమైనదీ చెప్పి చూస్తాడు, అని ఒక్క ఊపిరిలో చెప్పి, అర్థమైందా మట్టిబుర్రా అనేది, అర్థమైంది, ఇప్పుడు అలాగే వరసగా చేస్తోంది, సొరంగం అయింది, తాళం అయింది, ఇక కిటికీ తెరిచే ప్రోగ్రాం ఒక్కటి మొదలుపెడితే సరి, ఆజ్ఞ కొట్టింది, ఎంటర్ నొక్కింది, మెషీను ఒప్పుకోలేదు, ఆ పోర్టు, కిటికీకని ఆమె ఎంచుకున్న ఆ చోటు, ఖాళీ లేదు, ఇప్పటికే ఎవరో వాడుతున్నారు, అంది.

ఎవరో ఏమిటి, ఈ ఇంట్లో ఉన్నదే తను, ఈ మెషీను ముట్టుకునేదీ తనొక్కతే, అంకె తప్పు కొట్టానేమో అని మళ్ళీ కొట్టింది, మళ్ళీ అదే మాట, ఆ పోర్టులో ఎవరు కూర్చున్నారో చూపించమంది, చూపించింది, అక్షరాల కూర్పుకి సంబంధించిందేదో అన్నట్టు ఎవరూ పట్టించుకోని చప్పటి పేరు పెట్టుకుని ఒక సర్వీసు నడుస్తోంది, మెషీను లేచినప్పుడల్లా తనూ లేస్తోంది, లోపల విప్పి చూస్తే అది అక్షరాలదీ కాదు, చట్టుబండలదీ కాదు, ఈ తెరని ఉన్నదున్నట్టు ఇంకొకరికి చూపించే ప్రోగ్రాం, దానికి అవతలివైపు ఒక లంకె తగులుకుని ఉంది, నిన్నటిదో మొన్నటిదో కాదు, ఇప్పటిది, అంటే ఇప్పుడు, ఆమె నోరు తెరుచుకుని చూస్తున్న ఈ క్షణంలో, ఎక్కడో ఎవరో ఇదే తెరని చూస్తున్నారు, చేతులు వేడిపెనం తగిలినట్టు కీబోర్డు మీంచి వెనక్కొచ్చాయి, జారిపోయిన జుట్టు గబగబా ముడేసుకుంది, తెరకి కళ్ళుండవని తెలుసు, తెరమీద ఉన్నదే కనిపిస్తుంది గాని తెరముందున్నది కనిపించదని తెలుసు, అయినా జుట్టు ముడేసుకుంది, కిటికీ రెక్క కూడా మూసింది, ఏ కిటికీ మూస్తున్నావే మట్టిబుర్రా అని తనే తిట్టుకుంది.

ఏం చూశారు, ఎన్నాళ్ళ నుంచి చూశారు, మ్యాపులు చూస్తే చూడనీ, మ్యాపుల కోసమేనా, లేక, ఈ తెరమీద ఆమె ఏం చెయ్యలేదు గనక, మేనేజరు నవ్వితే గేదె తుమ్మినట్టుంటుందని స్నేహితురాలికి రాసింది, ఏడుపు ఆగాలంటే ఏం చెయ్యాలి అని వెతికింది, అదీ ఒకసారి కాదు, తన భర్త ఫోటో ఒకటి తెరనిండా పెట్టుకుని అన్నం ముందు పెట్టుకుని కూర్చునేది, పోయిన ఏడాది వానల్లో బండిమీద వెళ్ళిన మనిషి బండితోపాటు వెనక్కి రాలేదు, తర్వాత చాలా రోజులు మాట్లాడింది ఆ ఫోటోతోనే, ఆయన గురక కూడా ఇందులోనే ఉండేది, నేను గురకపెట్టనంటే పెట్టను అని పంతం పట్టేవాడు, ఒకరోజు దొంగతనంగా రికార్డు చేసి వినిపిస్తే, ఇది ఎవరిదో లారీ, నాది కాదు అన్నాడు, ఆ లారీని పట్టుకుని ఆమె ఎన్నిసార్లు విన్నదో, వినేటప్పుడు తెరమీద ఆ శబ్దపు గీతలు లేచి పడడం కూడా ఎవరో చూశారన్నమాట, తన సిగ్గంతా, తన పిచ్చంతా, ఒంటరిగా ఉన్నాననుకుని చేసిన చేష్టలన్నీ, ఒళ్ళంతా ఎవరో చేత్తో తడిమినట్టు జలదరించింది, తీగ పీకేద్దామని లేచింది, లేచి మళ్ళీ కూర్చుంది, పీకేస్తే దొంగ పారిపోతాడు, ఎవడో తెలియాలి.

ఆ సర్వీసు పెట్టిన తీరు చదివింది, చదివేకొద్దీ భయం తగ్గి వింత మొదలైంది, ఈ కిటికీ వీధివైపు లేదు, లోపలి వసారాలోకే ఉంది, సొరంగంలోంచి తప్ప రావడానికి వీల్లేదు, పాస్‌వర్డు అడిగే పద్ధతి లేనే లేదు, తాళంచెవి ఒక్కటే, పైగా చూడటానికి మాత్రమే అని గట్టిగా రాసి ఉంది, అంటే వచ్చినవాళ్ళు చూడొచ్చు గాని మౌసు కదపలేరు, ఒక్క అక్షరం కొట్టలేరు, చేతులు కట్టేసుకుని గుమ్మంలో నిలబడాలి, కన్నం వేసేవాడు కన్నానికి గొళ్ళెం పెట్టుకుంటాడా, తన చేతులకి తనే సంకెళ్ళు వేసుకుంటాడా, ఇంత శుభ్రంగా, ఇంత పద్ధతిగా, ఆ తాళంచెవి ఎవరిదో చూసింది, అర్థంకాని అక్షరాల బారు ఒకటి, దాని చివర ఆ తాళంచెవి పుట్టిన మెషీను పేరు, నల్లపిల్లి, ప్రపంచంలో కంప్యూటరుకి నల్లపిల్లి అని పేరుపెట్టుకున్న మనిషి ఒక్కతే ఉంది, పిల్లిని పెంచుకుంటానంటే బావకి తుమ్ములని ఒప్పుకోలేదు, సరే పో, ఇదే నా పిల్లి అని ఆ డబ్బాకి పేరుపెట్టుకుంది, అక్క, అక్కా?, ఈ మెషీను తెచ్చి పెట్టిందీ అక్కే, ఆయన పోయిన నెలలోనే పాతది మొరాయిస్తే, నువ్వు లేవకు, నేను చూసుకుంటా అని పొద్దంతా నేలమీద కూర్చుని అన్నీ ఎక్కించింది, ఆ రోజేనా, తను పక్కగదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉండగానేనా, అన్నం కలిపి పెట్టిన చేత్తోనేనా.

ఏం చెయ్యాలో తోచక తెరమీద ఒక ఖాళీ పేజీ తెరిచింది, అక్కా అని కొట్టింది, ఆ ఒక్క మాట తెల్లటి పేజీమీద నిలబడి ఉంది, చూస్తున్నావా అని కొట్టబోయింది, చూ దగ్గరుండగానే ఫోను మోగింది.

ఎత్తింది, అవతల కాలేజీ గదిలో ఫ్యాను చప్పుడు, ఎవరో పిల్లలు నవ్వడం, తలుపు మూసిన చప్పుడు, ఆ తర్వాత అక్క గొంతు, తెలిసిపోయిందా, అంది, అంతే, తప్పించుకోవడానికి కూడా చూడలేదు, నా ఇంటికి కన్నం వేశావక్కా, అంది తను, వేశాను, అంది అక్క, నా ఒళ్ళో అన్నం తిని నా తెరమీదే, అని తను ఏదో తప్పుతప్పుగా అరిచింది, వేశానంటున్నాను కదే, అంది అక్క, తిట్టు, ఎంత తిడతావో తిట్టు, నువ్వు ఫోనెత్తేదానివి కాదు, వస్తే తలుపు తీసేదానివి కాదు, తీసినా బాగానే ఉన్నాను అని మొహాన కొట్టి మళ్ళీ వేసుకునేదానివి, నేనేం చెయ్యను, నా తెర మూలన అగ్గిపెట్టంత కిటికీ పెట్టుకున్నాను, నీ బాణం గుర్తు కదిలిందా, లేచావు, మ్యాపు తెరిచావా, పోనీలే పనిలో పడ్డావు, కదలకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు, క్లాసులో పిల్లలు, మేడమ్, ఏంటవి గీతలు అంటే మా చెల్లి అన్నాను ఒకసారి, నవ్వారు, అని అక్క గొంతు తగ్గించి, ఆ రోజు కూడా అలాగే చూశానే, అంది.

ఏ రోజు అని ఆమె అడగలేదు, అడగక్కర్లేకపోయింది, ఆ రోజు పొద్దున ఆమె ఇదే కుర్చీలో ఇలాగే కూర్చుని ఆయన ఫోటోలన్నీ ఒక్కో ఫోల్డరు చొప్పున తెరమీది చెత్తబుట్టలోకి లాగింది, పెళ్ళివీ, ప్రయాణాలవీ, తర్వాత లారీ గురక, తర్వాత తన చదువు కాగితాలు, తను గీసుకున్న బొమ్మలు, తన పేరున్న ప్రతిదీ, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు తుడిచినట్టు తుడిచి, బుట్ట కూడా ఖాళీ చేసి, ఇక లేచి చెయ్యవలసింది ఒక్కటే మిగిలింది అనుకుని లేచింది, లేవగానే తలుపు దబదబ మోగింది, తీస్తే అక్క, జుట్టు తడిగా భుజాలమీద కారుతోంది, కాళ్ళకి ఒకటి బావ చెప్పు, ఒకటి తనది, ఆయాసపడుతూ, పన్ను చంపేస్తోందే, మీ వీధిలో పళ్ళ డాక్టరున్నాడట, సాయంత్రానికి గాని రాడట, అందాకా ఇక్కడ పడుంటా అని లోపలికొచ్చి పడింది, సాయంత్రమూ కదల్లేదు, మర్నాడూ కదల్లేదు, నాలుగైదు రోజులు ఆమె పక్కలోనే పడుకుంది, నిద్రలో కూడా ఆమె చెయ్యి వదల్లేదు, పంటి నొప్పికి ఊతం కావాలే అంది, ఆ తర్వాత ఇన్ని నెలలూ ఆమె ఆ పన్నుకి మనసులో దండం పెట్టుకుంటూనే ఉంది, చూశావా, ఒక పన్ను సమయానికి నొప్పి పుట్టి నన్ను బతికించింది, నాకింకా నూకలున్నాయి కాబోలు అని ఆ నమ్మకం మీదే మెల్లగా లేచింది, ఆఫీసుకి వెళ్ళింది, గేదె తుమ్ముకి నవ్వింది, ఈ వీధిలో పళ్ళ డాక్టరు, ఉన్నాడా అసలు, కుట్టుమిషను కొట్టు, మందుల షాపు, రొట్టెల కొట్టు, కళ్ళజోళ్ళ షాపు, రోజూ నడిచే వీధి మనసులో ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి చూసింది, పళ్ళ డాక్టరు లేడు, ఎప్పుడూ లేడు.

అంటే నీకు తెలుసు, అంది, తెలుసు, అంది అక్క, తెలిసే పక్కన పడుకున్నావు, ఒక్క మాట అడగలేదు, తెలిసే కూరలో ఉప్పెక్కువైందని నాతో దెబ్బలాడావు, అడిగితే విరిగిపోతావేమోనని భయమేసిందే, అని అక్క ఏడ్చింది, అక్క ఏడవడం ఆమె వినలేదు ఇదివరకెప్పుడూ, అమ్మ పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిస్తూ తిరిగిన మనిషి, ఎవరికీ తెలియదనుకుని లోపల పాతిపెట్టుకున్న ఆ పొద్దుని ఇంకో మనిషి కూడా మోస్తోందని, నవ్వుతూ, తిడుతూ, మట్టిబుర్రా అంటూ మోస్తోందని, అదెంత బరువో ఆమెకి ఒక్కసారిగా తెలిసింది, తెలిసీ అంది, అక్కా, ఇది మూసేస్తున్నాను, అవతల ముక్కు చీదుకుని అక్క మళ్ళీ మామూలు గొంతుతో, మూసెయ్, కాని సరిగ్గా మూసెయ్, సర్వీసు ఆపితే చాలదు, రేపు మెషీను లేచినప్పుడు అదీ లేస్తుంది, ముందు లేవకుండా కట్టెయ్, తర్వాత ఆపు, ఆ, అలా, తర్వాత నా తాళంచెవి ఉన్న బారు చెరిపెయ్, రెండోచోట కూడా ఒకటి పెట్టాను, నీకు తెలియదులే, అక్కడ కూడా చూడు, ఆ ఫైలే, కిందికి రా, ఇంకా కింద, అదీ, చెరుపు, అని తన కళ్ళని తనే ఒక్కొక్కటిగా మూయించుకుంటూ చెప్పింది, అగ్గిపెట్టంత కిటికీలో చెల్లెలి చెయ్యి కదలడం చూస్తూ చెప్పింది, చివరి ఎంటర్ దగ్గర ఇద్దరూ ఆగారు, కొట్టు, అంది అక్క, కొట్టింది.

పోయింది, నల్లగా అయిపోయింది, అంది అక్క, ఆ మాట తర్వాత ఫోన్లో ఏమీ లేదు, ఫ్యాను చప్పుడు కూడా లేదు, అక్క చేత్తో మూసిందేమో, మళ్ళీ గొంతు వచ్చినప్పుడు అది ఆమె ఎరిగిన గొంతు కాదు, చీకట్లో మంచం దిగడానికి భయపడే పిల్ల గొంతు, ఏమే, ఉన్నావా, అంది, ఫోను చెవికానించుకునే ఉంది కదా, ఇప్పుడే మాట్లాడింది కదా, ఇంకా ఈ ప్రశ్నేమిటి అనుకోబోయి ఆగిపోయింది, అన్నాళ్ళూ ఆ తెరలోంచి, ఆ తడిజుట్టుతో తలుపు కొట్టినప్పుడు, నిద్రలో చెయ్యి పట్టుకున్నప్పుడు అక్క అడిగింది ఇదొక్కటే, పైకి అడగడం ఇదే మొదలు, ఉన్నానక్కా, అంది, అని, తన నోటినుంచి వచ్చిన మాటని తనే విని, ఉండాలనే ఉన్నానని ఆమెకి అప్పుడు తెలిసింది.